అత్తగారి నాలుగు వేల అడుగులు

అత్తగారి మోకాలికి కొత్త కీలు వేసి ఇంటికి పంపిస్తూ డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది. "మూడు నెలలు నొప్పి ఓర్చుకుని నడవాలి, కాలు వంచాలి. అప్పటికి ఎంత వంగితే ఇక జన్మకంతే."

వేరే ఊళ్లో ఉండే మా ఆడపడుచుకు మనుషుల మీద కంటే వస్తువుల మీద నమ్మకం ఎక్కువ. అడుగులు లెక్కపెట్టే చేతిపట్టీ ఒకటి పంపింది. అత్తగారు నడిస్తే ఆ లెక్క తన ఫోనుకీ, మా ఆయన ఫోనుకీ పోతుంది. రోజుకు వెయ్యి దాటితే తెర మీద రంగు బుడగలు ఎగురుతాయి.

మొదటి వారం బుడగలు ఎగరలేదు. అత్తగారు మంచం దిగి నాలుగడుగులు వేసేసరికి కళ్లనీళ్లు పెట్టుకునేవారు. సాయంత్రం కూతురి ఫోను. "ఎనభై ఆరేనా? వదినా, నువ్వేం చేస్తున్నావక్కడ?"

నేనక్కడ గిన్నెలు తోముతున్నాను.

ఒకరోజు ఆమెకు స్నానం చేయిస్తూ పట్టీని నా చేతికి పెట్టుకున్నాను. తీయడం మరిచిపోయి, మాడిన బాణలి తోమాను. నిలబడ్డ చోటు కదలకుండానే నూట పద్నాలుగు అడుగులు!

"అత్తయ్యా, మీరిప్పుడు వంటింట్లో నూట పద్నాలుగు అడుగులు వేశారు."

ఆపరేషన్ తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. "అయితే ఇల్లు కూడా ఊడ్చేసి రానా?"

ఊడిస్తే మూడు వందలు. కిటికీ అద్దాలు తుడిస్తే రెండు వందలు. పట్టీని బట్టల మిషనుకు కడదామన్నది మాత్రం అత్తగారి ఆలోచన. బట్టలు పిండే వేళకు ఆవిడ పరుగుపందెంలో ఉన్నట్టు చూపించేసరికి, భయపడి విప్పేశాం.

ఆ తర్వాత మా ఆయన ఆఫీసుకు వెళ్లగానే ఆమె చెయ్యి చాపేవారు, నేను పట్టీ విప్పుకునేదాన్ని. "ఈ ఒక్క రోజుకేనే అమ్మాయ్. రేపు నిజంగా నడుస్తా." మర్నాడూ అదే మాట. ఆమె బాధ చూడలేకే ఒప్పుకున్నానని చెప్పుకోవచ్చు. పద్దెనిమిదేళ్ల కాపురంలో నా ఇంటిపనికి ఎవరైనా బుడగలు ఎగరేయడం అదే మొదటిసారన్నదీ అబద్ధం కాదు.

ఆడపడుచు ఆ అంకెల్ని తల్లి ఫొటో పక్కన పెట్టి పోస్టు చేసింది. "ఆపరేషనైన నెలకే రోజుకు నాలుగు వేలు! మా అమ్మ నా హీరో." ముక్కూ మొహం తెలియని రెండు వేలమంది గుండె బొమ్మలు పెట్టారు. దాని కింద వాళ్లు రాసినవన్నీ అత్తగారు పడుకునే చదివించుకున్నారు. ఆరో వారం డాక్టరుకు చూపించాలి. "ఇంత బాగా నడుస్తుంటే తొందరేముంది," అని మా ఆయన వాయిదా వేశారు.

మూడు నెలలకు వెళ్లాం. డాక్టరమ్మ కాలు వంచబోతే కర్రలా బిగుసుకుని ఉంది. అత్తగారు కేక పెట్టారు. మా ఆయన ఫోను ముందుకు చాపారు.

"రోజూ నాలుగు వేలు నడిచిందండీ మా అమ్మ."

డాక్టరమ్మ అంకెలన్నీ చూసింది. "ఇంత నడిచినా ఇలా ఉందంటే లోపల కీలే సరిగా కూర్చోలేదు. మళ్లీ తెరవాలి."

అత్తగారు నా మణికట్టు పట్టుకుని గట్టిగా నొక్కారు, చెప్పొద్దన్నట్టు. కూతురి ముందు పరువు పోవడం కంటే ఇంకో కోతే నయమనుకున్నట్టున్నారు.

"ఆ అడుగులు నావండీ," అన్నాను. "పట్టీ పెట్టుకుని నేను ఇల్లు ఊడ్చాను. ఆవిడ రోజుకు వంద కూడా నడవలేదు."

మా ఆయన తల్లి వైపు తిరిగారు. "అమ్మా?"

ఆమె నా చెయ్యి వదిలేశారు. "నాకేం తెలుసురా? తీసుకుంది. నేను ఎందుకని అడగలేదు."

రెండో ఆపరేషన్ తప్పింది. మత్తిచ్చి వంచి చూశారు, కుర్చీలో కూర్చునేంత కూడా వంగలేదు. ఆడపడుచు నాతో మాట్లాడటం మానేసింది, పోస్టు మాత్రం తీయలేదు. దానికి గుండెలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు రోజూ ఉదయం మా ఆయనే ఆమె కాలు వంచుతారు. ఆ అరుపులు వంటింట్లోకి వినిపిస్తాయి. ఒక్కోసారి వాటి మధ్యలో, "అమ్మాయ్, నువ్వు రావే," అని అత్తగారు పిలుస్తారు. తడిచేతులతోనే పరిగెత్తుతాను. గది తలుపుకు లోపల గడియ వేసి ఉంటుంది.