రెండు వీధులు, ఒక తాళాలవాడు

నేను తీసిన తాళాల్లో ఒకటి చేప కడుపులో దొరికింది. నమ్మకపోతే మానెయ్యండి. తాళంచెవేమో దాని పిల్ల కడుపులో దొరికింది. ఈ మాట చెప్పిన రోజునుంచి మా అల్లుడు నన్ను నమ్మడం మానేశాడు. "తల్లి తాళం మింగిందంటే సరే మావయ్యగారూ, చెవి పిల్లకిచ్చి దాచమందా?" అని ఇంటికొచ్చిన వాళ్ళందరి ముందూ అడిగేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. ఆ చేప ఒకరోజు నా పీకల మీదికి తెస్తుందని అప్పుడు నాకేం తెలుసు?

నేను చదివింది పల్లెటూరి బడిలో అయిదో తరగతి. ఆ తరవాత నలభై ఏళ్ళు తాళాలు బాగుచేసి బతికాను. అల్లుడు రైలింజను నడుపుతాడు. వారంలో రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. మిగతా అయిదు రోజులూ మా అమ్మాయి, దాని రెండేళ్ళ పిల్ల, అంతే.

ఏడాది పైమాట, ఒకరోజు పొద్దున్న పదకొండింటికి, అమ్మాయి పిల్లకి స్నానం చేయిస్తుంటే ఒకడు అద్దింటి వెనకగోడ దూకి లోపలికొచ్చాడు. అమ్మాయి పిల్లని తడి ఒంటితోనే గుండెకి అదుముకుని గొంతు చిరిగేలా అరిచింది. వాడు దాన్ని ఒక్క తోపు తోసి, ఫోను పట్టుకుని, వచ్చిన దారినే పోయాడు. అమ్మాయి మోచెయ్యి విరిగింది. మర్నాడు పక్కింటావిడ పళ్ళు పట్టుకొచ్చి, "అరుపులు వినిపించాయమ్మా, టీవీ అనుకున్నాం" అంది.

చెయ్యి నెలన్నరకి అతుక్కుంది. ఆ మాట మాత్రం అతుక్కోలేదు. అమ్మాయి స్నానాల గది తలుపు తీసిపెట్టే నీళ్ళు పోసుకునేది.

అందుకే ఇల్లు కొనడం. రెండు ఇళ్ళు చూశారు. ఒకటి కొత్త కాలనీలో: నిలువెత్తు గేట్లు, గోడల మీద గాజుపెంకులు, గుమ్మానికో కెమెరా. రెండోది పాత వీధిలో: గేటు లేదు, మెట్లు ఇరుకు, ఎదురింటి మేడమీద కుట్టుమిషను పొద్దస్తమానం టకటక. రెండోదాన్ని అల్లుడు గుమ్మంలోనే కొట్టిపారేశాడు. ఇక కాలనీ ఇంటికి సంతకాల రోజొచ్చింది, సాయంత్రం నాలుగింటికి.

ఆ మధ్యాహ్నం నేను కాలనీకి వెళ్ళాను. తాళాలవాడి కళ్ళు తాళం మీదికే పోతాయి గదా. అమ్మకానికున్న ఇంటి గేటుకి తాళం ఉంది. సంచిలోంచి తాళాలు తెరిచే కమ్మీ తీసి పనిలో పడ్డాను. ఎవరైనా వచ్చి అడుగుతారేమో చూద్దామని కావాలనే ఆలస్యం చేశాను. దగ్గాను. సుత్తి రెండుసార్లు నేల మీద పడేశాను. పక్కింటి కెమెరా ఎర్రకన్నుతో నన్నే చూస్తుంటే చెయ్యి ఊపాను. తాళం తీసి, లోపలికెళ్ళి, అరుగు మీద కూర్చుని, తెచ్చుకున్న రెండు అరటిపళ్ళూ తిన్నాను. అడిగిన నాథుడు లేడు.

చివరికి నేల మీద పడుకుని, "అమ్మా! పడిపోయాను! ఎవరైనా రండి!" అని అరిచాను. ఎదురింటి కిటికీ తెర కదిలింది. తెల్లటి వేళ్ళు నాలుగు కనిపించాయి. తెర మళ్ళీ మూసుకుంది.

లేచి, గేటుకి తాళం వేసేసి, అమ్మాయికి ఫోను చేసి జరిగిందంతా చెప్పాను.

"నాన్నా," అంది విసుగ్గా, "ఈసారి చేప ఏం మింగింది?"

"ఒట్టే అమ్మడూ, నాలుగు వేళ్ళు కళ్ళారా చూశాను."

"నాలుగేనా? నువ్వు చెబితే పధ్నాలుగుంటాయనుకున్నా. గోడలున్నాయి, కెమెరాలున్నాయి. నాకు ఒక్క పూట నిద్ర కావాలి నాన్నా. నాలుగింటికి కథలు మాని రా." ఫోను పెట్టేసింది.

రెంటినీ ఒకే రాయితో తూచాలి గదా అని, అక్కణ్ణించి పాత వీధికి పోయాను. అప్పటికి రెండున్నర. ఆ ఖాళీ ఇంటి తలుపు ముందు వంగి, కమ్మీ తాళంలో పెట్టానో లేదో, టకటక ఆగిపోయింది.

"ఎవరయ్యా నువ్వు?" మేడమీంచి కుట్టుపనావిడ.

నేను పలకలేదు. పలకాల్సింది. కానీ పరీక్ష గదా, చివరిదాకా చూద్దామనుకున్నాను. ఒళ్ళు కొవ్వెక్కితే అంతే.

"నిన్నే! ఒరేయ్ సెలూనూ! దొంగ!"

ఎన్ని తలుపులు తెరుచుకున్నాయో లెక్కపెట్టలేదు. సెలూనతను కత్తి చేత్తోనే పరిగెత్తుకొచ్చాడు. అతని వెనక ఒక చెంప గీసి, ఒక చెంప నురగతో, మెడకి తువ్వాలు కట్టుకున్న భారీ మనిషి. వాడు నా చెయ్యి వెనక్కి విరిచాడు. సంచి లాక్కున్నారు. అందులోంచి కమ్మీలు గలగలా రాలాయి.

"ఇల్లు చూడ్డానికొచ్చాను బాబూ!"

"ఇల్లు చూసేవాడు ఓనర్ని పిలుస్తాడు. తాళంలో కమ్మీ పెడతాడా?" అన్నాడు సగం గడ్డం మనిషి.

"మా అమ్మాయి కోసం... ఈ వీధి మంచిదో కాదో అని..."

"ఓహో, దొంగతనం చేసి చూస్తున్నావా? బాగుంది!"

నవ్వారు, కానీ పట్టు వదల్లేదు. జన్మలో మొదటిసారి నిజం చెప్పాను, అది నా అబద్ధాలన్నిటికంటే అధ్వాన్నంగా ఉంది. ఒక్క ఫోను చేసుకోనివ్వమన్నాను. "నీ ముఠాని పిలుస్తావా?" అన్నాడు సెలూనతను. కుట్టుపనావిడ ఇంటి కింది గదిలోకి నన్ను తోసి, ఊచల తలుపుకి బయట తాళం వేశారు. పోలీసులు అయిదింటికి గానీ రారట. సెలూనతను ఎదురుగా తన కొట్లోకి పోయి, అద్దంలోంచి ఒక కన్ను నా మీదే వేసి, మిగిలిన చెంప గీయడం మొదలుపెట్టాడు. మేడమీద మళ్ళీ టకటక.

గోడ గడియారంలో మూడూ పది.

గదినిండా గుడ్డముక్కలు, నూలు కండెలు, డబ్బాడు గుండుసూదులు. గుండుసూదుల గదిలో తాళాలవాణ్ణి పెట్టడమంటే పాలకి పిల్లిని కాపలా పెట్టడమే. ఊచల్లోంచి చెయ్యి పెడితే తాళం అందుతుంది. నా చేతికి అది రెండు నిమిషాల పని. కానీ తీస్తే? దొంగని నేనే నిరూపించినట్టు. ఆ కత్తి వేగం చూశాను, ఆ మనిషి చేతుల లావూ చూశాను. తియ్యకపోతే? నాలుగింటికి నా కూతురు తన కేక ఎవరికీ వినపడని ఇంటికి సంతకం పెడుతుంది.

మూడూ ఇరవై. మూడున్నర. నా చొక్కా వీపుకి అంటుకుపోయింది. "అమ్మా, తల్లీ" అని పైకి పిలిచాను. మిషను జోరులో వినపడలేదో, వినపడనట్టున్నారో.

నాకు పని నేర్పిన గురువు చెవి మెలిపెట్టి ఒకే ఒక్క నీతి చెప్పాడు: తీసిన తాళం యజమాని చేతిలో పెట్టకుండా ఒక్క అడుగు వెయ్యకు. తియ్యొద్దని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

మూడూ నలభైకి ఒక సూది వంచాను. సూది రెండుసార్లు జారింది. రెండు నిమిషాల పనికి ఆరు పట్టింది. తాళం టక్కుమంది. అద్దంలో సెలూనతని కన్ను పెద్దదైంది. "పారిపోతున్నాడ్రోయ్!"

వీధి అంతా మళ్ళీ బయటికొచ్చింది. నేను వీధి వైపు తిరగలేదు. తాళం రెండు చేతులతో పట్టుకుని, ఇరుకు మెట్లు ఎక్కి, మిషను ముందు నిలబడ్డాను. వెనక మెట్ల మీద కాళ్ళ చప్పుడు. ఎవరిదో పిడికిలి నా కాలరు పట్టుకుంది.

"ఇదిగోనమ్మా నీ తాళం. పారిపోయేవాడు పైకెక్కడు. ఆ ఫోను నాకివ్వొద్దు, నువ్వే చెయ్యి. మా అమ్మాయితో నువ్వే మాట్లాడు."

ఆవిడ తాళం కేసి, నా మొహం కేసి చూసింది. పళ్ళ మధ్యనున్న సూది తీసి జాకెట్టుకి గుచ్చుకుంది. "వాణ్ణి వదలండ్రా. కానీ దూరం పోకండి" అని, నా సంచిలోంచి ఫోను తీసి చేసింది.

"ఏమ్మా, ఈ ముసలాయన మీ నాన్నేనా? మా వీధిలో దొంగతనం చేస్తూ దొరికాడు. కథ కాదమ్మా, నేను పట్టుకున్నదాన్ని మాట్లాడుతున్నా! వచ్చి తీసుకుపో."

నాలుగూ పదికి అమ్మాయి వచ్చింది, చంకలో పిల్ల, వెనక మొహం గంటు పెట్టుకున్న అల్లుడు. వీధి మొదట్లోనే నున్నగా గీసిన చెంపలతో ఆ భారీ మనిషి అడ్డంపడ్డాడు. "ఎవరింటికి?" నేను మేడమీంచి చూస్తున్నాను. నా చుట్టూ నలుగురు మనుషుల్ని చూసి అమ్మాయి బెదిరిపోయి, "నాన్నా!" అని ఒక్క కేక పెట్టింది.

నూనెకొట్టు పైకిటికీ తెరుచుకుంది. దాని పక్కది. ఎదురుగా రెండు. "ఏమైందమ్మా?" "ఎవరమ్మా నువ్వు?" "పిల్లకేమైనా అయిందా?" మెట్ల మీదికి ఒకావిడ తడిచేతులతో వచ్చేసింది.

అమ్మాయి తలెత్తి ఆ కిటికీలన్నిటినీ ఒక్కొక్కటే చూసింది.

"పద, అక్కడ వాళ్ళు పెన్ను పట్టుకుని కూర్చున్నారు" అన్నాడు అల్లుడు.

"కూర్చోనీ." మేడకేసి తిరిగింది. "అమ్మగారూ, మీ మిషను చప్పుడు పగలంతా ఉంటుందా?"

"ఉంటుంది. కష్టమైతే చెవిలో దూది పెట్టుకో."

"వద్దండీ," అంది అమ్మాయి. "ఆగితేనే భయం."

అల్లుడు దాని మొహం చూశాడు, తరవాత మెట్లెక్కాడు. నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు: "మావయ్యగారూ, ఆ తెర, ఆ నాలుగు వేళ్ళూ... నిజంగానేనా?"

"చేపతోడు" అన్నాను.

అయిదింటికి పోలీసాయన వచ్చి "దొంగేడీ?" అన్నాడు. అప్పటికి దొంగ ఊచల తలుపు ముందు చతికిలబడి, కుట్టుపనావిడ తిడుతుంటే కొత్త తాళం బిగిస్తున్నాడు. పాత వీధిలోని ఆ ఖాళీ ఇంట్లోకి అమ్మాయివాళ్ళు దిగి ఏడాదయింది. అమ్మాయి స్నానాల గది తలుపు వేసుకునే స్నానం చేస్తోంది. నన్ను మాత్రం వీధి మొదట్లో ఇప్పటికీ ఆపుతారు, "సంచిలో ఏముంది?" అని. చేప ఉందంటాను. తీసి చూపించమంటారు.