ట్యాంకరు ఏ ఒడ్డున ఆగినా

మిట్టమధ్యాహ్నం, అందరం చూస్తుండగానే, ఫ్యాక్టరీ విషపు నీళ్లు పారబోసే కాంట్రాక్టరు ట్యాంకరు మా చెరువులోకి పైపు దించింది. ముక్కు పగిలే వాసన. దేవసూగూరు దాటాక వచ్చే ఈ చెరువు సగం మా కర్ణాటకది, సగం తెలంగాణది. రెండు ఒడ్డుల జాలర్లకూ ఇదే బువ్వ.

అందరం ఉరికాం. మా ఊరి గిరిజమ్మ ట్యాంకరుకు అడ్డం నిలబడింది. డ్రైవరు జడిసి బండి వెనక్కి తిప్పాడు.

"ఆ ఒడ్డుకు పోయి పోస్కో పో," అని పంపన్న కేకేశాడు. మేమంతా ఈలలు వేశాం, గెలిచామని.

డ్రైవరు ఆ ఒడ్డుకే పోయి పోశాడు. అవతలివాళ్లు తరిమితే మళ్లీ ఇటు వచ్చాడు. వారం తిరిగేసరికి చేపలు వెల్లకిలా తేలాయి. మా పోలీసులు తెలంగాణకు పొమ్మన్నారు, అక్కడివాళ్లు కర్ణాటకకు పొమ్మన్నారు. కాంట్రాక్టరుకు కావలసిందీ అదే.

అవతలి ఒడ్డు జాలరి కుర్మయ్య పడవ నిండా చచ్చిన చేపలు తెచ్చి మా ముందు కుప్ప పోశాడు.

"ఇవి మీవా, మావా? జర చెప్పుండ్రి," అన్నాడు.



"మేం తోలినం, మీరు గూడ తోలిండ్రు గద అన్నా," అన్నది గిరిజమ్మ. "ఇగ యాడికీ తోలొద్దు. ఈడనే ఆపాలె."

"ఆపితె కేసులు పెడ్తరు," గొణిగాడు పంపన్న.

"చెరువు సచ్చినంక ఇంట్ల కూసొని ఏం తింటవ్ రా?"

మళ్లీ ట్యాంకరు వచ్చిన రోజు రెండు ఊళ్ల పడవలూ బండికి ముందూ వెనకా దారికి అడ్డంగా బోర్లించి, వాటి మీద కూర్చున్నాం. బండి ముందుకూ పోలేదు, వెనక్కూ పోలేదు.

సాయంత్రం రెండు రాష్ట్రాల జీపులూ కలిసే వచ్చాయి. చేపలు చచ్చినప్పుడు ఒక్కడూ రాలేదు దొంగనాయాళ్లు. ఇప్పుడు మాత్రం హద్దు ఎక్కడని ఎవడూ అడగలేదు. గిరిజమ్మను జుట్టు పట్టి మా వైపు జీపులోకి ఈడ్చారు.

"నీది ఆ దిక్కు గద, నీకేం పని? ఇంటికి పో," అన్నాడు మా వైపు ఎస్సై కుర్మయ్యతో.

కుర్మయ్య వెళ్లి ఆ జీపు ముందే చతికిలబడ్డాడు. "ఆమెను దించుండ్రి, పోత."

పంపన్న వెళ్లి అతని పక్కన కూర్చున్నాడు. తర్వాత మేమంతా. లాఠీలు బయటికి వచ్చాయి.

"లేవకుండ్రి," అన్నది జీపులోంచి గిరిజమ్మ.

జీపుల వెనక, రోడ్డు మీద, ఇంకో మూడు ట్యాంకర్లు ఇంజన్లు ఆపకుండా కాచుకొని ఉన్నాయి. మాలో ఒక్కరూ లేవలేదు.