తుమ్మచెక్క కషాయం తాగిన రీలు

నేను ఒక బ్రేకుని. పెట్టె మీద మాత్రం చేపలు పట్టే రీలు అని రాశారు. మనుషులకు విసిరేవాడంటే మోజు, ఆపేవాడంటే గిట్టదు. అందుకని అమ్మేవాళ్ళు నా అసలు పనిని లోపలి కాగితంలో చీమ తలకాయంత అక్షరాల్లో వేసి, పెట్టె పైన ఎగిరే చేప బొమ్మ అచ్చేశారు.

నా పని ఇదీ. గేలం కర్ర మీద కూర్చుంటాను. నా కడుపులో దారం చుట్టిన కండె ఉంటుంది. మనిషి కర్ర విదిలించగానే దారం చివర కట్టిన ప్లాస్టిక్ చేప గాల్లోకి లేస్తుంది, కండె గిర్రున తిరుగుతుంది. చేప వేగం తగ్గినా కండెకు బుద్ధి రాదు, తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు దారం ఉబ్బి, చిక్కుపడి, పిచ్చుక గూడై కూర్చుంటుంది. దాన్ని విప్పేసరికి మనిషికి సగం ఆయుష్షు పోతుంది. అలా కాకుండా నాలో గోరంత ఎలక్ట్రానిక్ మెదడు పెట్టారు. కండె జోరు చూసి, ఎక్కడ ఎంత పట్టి ఆపాలో అది అంత ఆపుతుంది. ఆపినప్పుడల్లా కూయ్‌మని కూత వస్తుంది. పక్కన ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలున్న చిన్న చక్రం. అంకె పెంచేకొద్దీ ఎక్కువ ఆపుతాను. ఎక్కువ విసురుతాననుకునేవాళ్ళే లోకమంతా. అంకె పెద్దదైతే మంచి కూడా ఎక్కువేనని వీళ్ళకి ఎవరు చెప్పారో తెలీదు.

నా మొదటి యజమాని హైదరాబాదులో ఉండే అనిరుధ్. కొత్త వస్తువులు కొని, వాటి మంచిచెడ్డలు కెమెరా ముందు తేల్చి చెప్పడం అతని వ్యాపకం. నన్ను అపార్టుమెంటు కింద కార్లు పెట్టే చోట పరీక్ష చేశాడు. నీళ్ళు లేవు, చేపలు లేవు. రెండు విసుర్లకి ఒక స్కూటరు అద్దం పగిలింది. "అద్భుతమైన కంట్రోల్, ఫ్రెండ్స్" అని ఐదుకి నాలుగున్నర నక్షత్రాలిచ్చాడు. ఆ పోయిన అర నక్షత్రం ఎందుకో ఇప్పటికీ తెలియదు. అద్దం తాలూకేమో.

తర్వాత నిజం చేపతో వీడియో తీద్దామని నన్ను తీసుకుని గోదావరి సముద్రంలో కలిసేచోటికి వచ్చాడు. ఆ కలిసే చోటుని అక్కడివాళ్ళు మొగ అంటారు. పండుగప్ప చేప మొగలోనే ఉంటుంది. పడవ నడపడానికి నాగిడి దానయ్యని కుదుర్చుకున్నాడు. యాభై దగ్గర పడ్డ మనిషి, ఎండిన చింతకాయలాంటి మొహం. అనిరుధ్ కర్ర వెనక్కి ఎత్తి బలంగా విదిలించాడు. పడవ ముక్కున నిలబెట్టిన అతని కెమెరాకే గేలం తగులుకుంది. కెమెరా అందంగా, గుండ్రంగా, ఇరవై గజాల దూరం ఎగిరి నీళ్ళలో పడి, దారం తెంపుకుని మునిగిపోయింది. అంత బరువుని విసిరినా చిక్కు పడలేదు నేను. మెచ్చుకోవలసింది పోయి,

"దీని మొహం చూడను. నువ్వే ఉంచుకో అన్నా!" అన్నాడు అనిరుధ్ ఏడుపు గొంతుతో.

"నేనేం సేసుకుంటానండి?" అన్నాడు దానయ్య.

"ఏట్లో పారెయ్యి."

దానయ్య పారెయ్యలేదు. మర్నాడు ఒక్కడే గట్టు మీద నిలబడి, అనిరుధ్ వదిలేసి పోయిన ఇంకో ప్లాస్టిక్ చేపని దారానికి కట్టి, చేతిని భుజం దాటి ఎత్తకుండా, మణికట్టు ఒక్కటే విదిలించాడు. ప్లాస్టిక్ చేప నాలుగు బారలు దాటి పడింది. అక్కడే చతికిలబడి, నన్ను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

ఎందుకో ఆ సాయంత్రం గుడిసెలో తెలిసింది. రెండేళ్ళ కిందట పడవని ఒడ్డుకి లాగుతుంటే అది వాలి అతని కుడి భుజం నలిగింది. అప్పటినుంచి చెయ్యి పైకి లేవదు. ఒకప్పుడు విసురువలని గాల్లో పళ్ళెంలా విప్పినవాడు ఇప్పుడు చొక్కా తొడుక్కోవడానికి కూడా పెళ్ళాన్ని పిలవాలి. మొగలో వేట ఇంటికో వంతు. నాగిడివాళ్ళ వంతు అమావాస్యా పౌర్ణమీ. పెద్ద పోట్ల రోజులు, అందరి కళ్ళూ వాటిమీదే. కానీ ఏటా వరద ఎర్రనీరు దిగాక మొదటి ఆదివారం ప్రతి ఇల్లూ తన వంతు నిలబెట్టుకోవాలి. నాలుగు బారల దూరంలో వెదురు గెడకి అరటిబోదె కట్టి తేలేస్తారు. గట్టు మీంచి మూడు విసుర్లలో వల దాన్ని అందుకోవాలి. అందకపోతే వంతు పక్కింటికి పోతుంది. నిరుడు ఏరు పొంగి బోదె నిలవక ఆ తంతు జరగలేదు కాబట్టి దానయ్య బతికిపోయాడు. ఈ ఏడు నీళ్ళు బుద్ధిగా ఉన్నాయి.

పక్కిల్లు తిరుమాని సత్తిరాజుది. దానయ్యకి మేనత్త కొడుకు.

"వంతు పోతే సత్తిగాడి పడవలో కూలికెళ్ళాలే" అన్నాడు దానయ్య. "ఆడు నన్ను బావా అని పిలుత్తా నీళ్ళు తోడిత్తాడు."

"కాలవల్లో రొయ్యలకి వలేసేది నేనే కదా. ఆ బోదె నేను అందుకుంటాను" అంది అతని భార్య కాసులమ్మ.

"మొగలో ఆడది వలేసిన ఆనవాయితీ లేదు."

"సెయ్యి పోయింది నీదయ్యా, నాది కాదు."

దానయ్య నన్ను తుడవడం మొదలుపెట్టాడు. మగవాడికి భార్యకన్నా రీలు నయం. ఎదురు మాట్లాడదు.

వల బదులు నన్ను విసరనివ్వమని దానయ్య అడిగితే, శనివారం చేపల సొసైటీ ఐసు గది అరుగు మీద పెద్దలు నన్ను విచారించారు. నాకు జరిగిన పరీక్షలన్నింటిలో శ్రద్ధగా జరిగింది అదే. అనిరుధ్ ఐదు నిమిషాల్లో తేల్చాడు. వీళ్ళు పొద్దున్న మొదలుపెట్టి, మధ్యలో అన్నాలకి లేచి వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చున్నారు. కులపెద్ద కొపనాతి భద్రయ్య నన్ను వాసన చూశాడు, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు, నాలుకతో కూడా చూశాడు.

"తాతా, అది వల కాదు, ఆటబొమ్మ" అన్నాడు సత్తిరాజు.

"బొమ్మకి నీకెందుకురా అంత బయ్యం?"

"బయ్యం కాదు, దరమం. వలకి సీసపు గుండ్లుండాలి."

దానయ్య ప్లాస్టిక్ చేపని ఊపాడు. దాని పొట్టలో గుండ్లు గలగలమన్నాయి. భద్రయ్య తల పంకించాడు.

"తాడు సేతిలో ఉండాలి" అన్నాడు సత్తిరాజు.

"ఉందిగా."

"మరి కన్నేదీ? వలన్నాక కళ్ళుండాలా వద్దా?"

భద్రయ్య లేచి, కండె మీద అడ్డదిడ్డంగా చుట్టుకున్న దారాన్ని వేలితో పక్కకి జరిపి, రెండు పోగుల మధ్య సందుని ఎండకి పట్టి చూపించాడు. "ఇదిగో కన్ను. సన్నకన్ను వల."

సత్తిరాజు ఓడిపోయేవాడే. అంతలో అతనికి అసలు సంగతి తట్టింది. "అయితే తుమ్మచెక్క తాగించారా?"

పూర్వం నూలు వలలు కుళ్ళిపోకుండా తుమ్మచెక్క మరగబెట్టిన కషాయంలో ముంచేవాళ్ళు. నైలాను వచ్చి నలభై ఏళ్ళయింది, నైలానుకి ఆ కషాయంతో ఏ పనీ లేదు. అయినా కషాయం తాగని వల ఆ ఆదివారం మొగలో దిగకూడదు. ఎందుకని ఎవరూ అడగరు. అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుంది.

నన్ను చేసినవాళ్ళు వాననీ ఉప్పునీటినీ లెక్కవేసుకున్నారు. తుమ్మచెక్క గురించి వాళ్ళకి చెప్పిన పాపాన పోయినవాడు లేడు. సలసల కాగే కడవలో మూడుసార్లు ముంచి, పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టారు. కొబ్బరినీళ్ళు కూడా నా మీదే. వెండిరంగులో ఉన్నవాణ్ణి పాత తలుపు గొళ్ళెంలా తయారయ్యాను. బేరింగులు జిగటెక్కాయి. మెదడు మాత్రం ఎలాగో బతికింది. కూత మారింది. ఇదివరకు పిట్టలా ఉండేది, ఇప్పుడు ఉబ్బసం వచ్చిన ముసలిదానిలా.

ఆదివారం గట్టంతా జనం. పిలుపుల వరసలో నాగిడివాళ్ళే ముందు. దానయ్య నన్ను పట్టుకుని నిలబడ్డాడు. నా చక్రం ఐదు మీద పెట్టి విదిలించాడు. "గూ..." అని నేను మూలిగాను.

"గంగమ్మ పలికింది!" అని ఆడవాళ్ళు దండాలు పెట్టారు.

మూలిగింది బ్రేకు. చేప మూడు బారల దగ్గర పడింది. బోదె ఒక బార అవతల.

"బలం సాల్లేదు" అని దానయ్య చక్రాన్ని ఎనిమిదికి తిప్పాడు. ఆపమన్నావా, ఆపుతాను. రెండో విసురు రెండు బారలకే చచ్చింది. సత్తిరాజు అప్పుడే గుడ్డతో తన పడవ చెక్క తుడుస్తున్నాడు, కొత్త కూలీ కూర్చోవడానికన్నట్టు.

"ఏవయ్యా, పెంచేకొద్దీ దగ్గరికొత్తంది. తగ్గించు" అంది కాసులమ్మ జనంలోంచి.

"నీకేం తెలుసే?"

"నువ్వు తెలిసి రెండేసేవు, సూశాంగా. ఈ ఒక్కటీ తెలీకుండా ఎయ్యి."

జనం నవ్వారు. దానయ్యకి మిగిలింది ఒక్క విసురు. పళ్ళు కొరుక్కుంటూ చక్రాన్ని ఒకటికి దింపాడు.

నేను దాదాపు ఏమీ ఆపలేదు. చేప గాల్లో చిన్నదైపోతూ ఆరు బారలు పోయింది. దారం సరిగ్గా అరటిబోదె మీదుగా వాలింది. దానయ్య ఎడంచేత్తో పిడి తిప్పాడు. గేలం బోదెలో దిగింది. అక్కడితో ఆగాలి. కంగారులో ఇంకా తిప్పాడు. గెడకి కట్టిన అరటినార పుటుక్కున తెగింది. పసుపు బొట్లతో ఉన్న బోదె ఊరేగింపులో దేవుడిలా ఈదుకుంటూ వచ్చి దానయ్య కాళ్ళ దగ్గర ఆగింది.

బోదెని వల అందుకోవాలి. బోదే వచ్చి మనిషిని అందుకుంటే ఏమిటన్నది తాతముత్తాతలెవరూ చెప్పలేదు. కట్టిన బోదె కదిలితే ఆ రోజుకి మరో బోదె కట్టకూడదని మాత్రం చెప్పారు.

"అయితే నేనెప్పుడు ఎయ్యాలి?" అని సత్తిరాజు అరిచాడు.

"వచ్చే ఏడు" అన్నాడు భద్రయ్య. "ఈ ఏటికి పాత వంతులే. నాగిడోరికి అమాస, పున్నం. ఏసిన వల పడవ ముక్కున ఉంటే వంతున్నట్టే. ఎవరూ దాన్ని ముట్టకూడదు, ఇప్పకూడదు." అని నన్ను కర్ర మీంచి ఊడదీసి, ఎర్రగుడ్డలో మూటకట్టి దానయ్య చేతిలో పెట్టాడు.

ముట్టకూడని వలతో చేపలెలా పడతావని ఎవరూ అడగలేదు. అమావాస్య నాడు తెల్లవారుతుంటే నేను మూటలో పడవ ముక్కున కూర్చున్నాను. కాసులమ్మ కొంగు దోపుకుని విసురువల భుజాన వేసుకుంది.

"ఆనవాయితీ..." అన్నాడు దానయ్య.

"వల ముక్కున ఉండాలన్నాడు తాత. ఎవరు ఎయ్యాలో సెప్పాడా?"

దానయ్య ఆలోచించాడు. తాత చెప్పలేదు. ఎడంచేత్తో గెడ పట్టుకున్నాడు.

కాసులమ్మ విసిరింది. వల విప్పారిన చప్పుడుకి దానయ్య తల తిప్పుకున్నాడు, నేను చూశాను. గుడ్డకి చిన్న చిరుగుంది. లాగుతుంటే బరువు. తాడు జారుతుంటే దానయ్య గెడ వదిలేసి వచ్చి పట్టుకున్నాడు. రెండేళ్ళ తర్వాత అతని అరచేతికి తడి తాడు తగిలింది. మూడు చేపల పెట్టు పండుగప్ప పడవలో పడి, తోకతో ఒక్క దెబ్బ కొట్టింది. అది తగిలింది నాకు. ఎర్రగుడ్డ పడవలోనే ఉండిపోయింది, నేను బుడుంగుమన్నాను.

మునుగుతూ వాళ్ళిద్దరి మొహాలూ చూశాను. వంతు నీళ్ళలో పడిపోయింది కదా మరి. కాసులమ్మ నలువైపులా చూసింది. మంచులో ఎవరూ లేరు. పడవ బరువుకి వేసిన ఇటుకముక్క తీసి, ఎర్రగుడ్డలో నా అంత మూట కట్టి, ముక్కున పెట్టింది. దానయ్య గుడ్డకి అంటిన పసుపుని వేలితో తీసి దానికి బొట్టు పెట్టాడు.

ఇప్పుడు నేను మొగ అడుగున బురదలో ఉన్నాను. నా కండెలో ఒక ఎండ్రకాయ కాపురం పెట్టింది. అమావాస్యకీ పౌర్ణమికీ నాగిడివాళ్ళ పడవ నెత్తిమీంచి వెళుతుంది. పైన వాళ్ళు పోట్లాడుకోవడం వినిపిస్తుంది, వల పడటం వినిపిస్తుంది. ముక్కున కూర్చున్న ఇటుక గురించి ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు. దానికి భద్రయ్య కూడా వంగి దండం పెడతాడట.