డిస్కులో ఆయన భాగం

ఇది కూడా తన మాట వినదన్నమాట, ఆయనలాగే, అనుకుంది ఆమె, తెర మీద మళ్లీ అదే గోల, డిస్కులో ఈ భాగాన్ని జోడించి తెరవలేం అని, ఒకే కంప్యూటర్లో రెండు కాపురాలు, ఆమెకు లినక్స్, ఆయనకు విండోస్, పెళ్లైన కొత్తలో అల్మారా పంచుకున్నట్టే డిస్కునూ చెరిసగం పంచుకున్నారు, ఆయన వైపు నుంచి వెళ్దామంటే పాస్‌వర్డ్ తెలియదు, అడిగితే ఎందుకని పలక మీద రాస్తాడు, గొంతులో గడ్డ లేచి స్వరపేటిక తీసేశాక సుద్దముక్క చప్పుడే ఆయన చప్పుడు, ఎందుకో చెప్తే మళ్లీ తల అడ్డంగా ఊపుతాడు, ఆస్పత్రిలో డాక్టరమ్మ ముందు ఊపినట్టే, పాత రికార్డింగులు తెస్తే మీరు టైపు చేసిందల్లా ఫోను మీ గొంతుతోనే పలుకుతుందండీ అని ఆవిడ అంత నెమ్మదిగా చెప్పినా వద్దన్నాడు, మొండితనం కాకపోతే ఏమిటి, చూపులేని పిల్లల కోసం ఏళ్ల తరబడి పాఠాలు చదివి పెట్టిన మనిషి, ఆ గొంతంతా ఇందులోనే పడి ఉంది, ఒక్కసారి వినిపిస్తే ఆయనే దారికొస్తాడు.

మరిదికి ఫోన్ చేసింది, కంప్యూటర్లు బాగుచేసే మనిషి కదా, అన్నయ్య విండోస్‌ని పూర్తిగా ఆపలేదు వదినా, నిద్రపుచ్చి వదిలేశాడు, అందుకే నిన్ను రానివ్వడం లేదు, ఆ నిద్ర ఫైలు చెరిపేస్తే తెరుచుకుంటుంది, కాకపోతే అప్పుడు సేవ్ చేయకుండా వదిలేసినవేమైనా ఉంటే పోతాయి అన్నాడు, ఆమె చెయ్యి కీబోర్డు మీద నుంచి దానంతటదే లేచింది, ఆపరేషన్‌కి బయల్దేరే ముందు ఏం తెరిచి పెట్టుకున్నాడో ఏమో, వేరే దారి లేదా అంటే చదవడానికి మాత్రమే అని జోడించు, వినొచ్చు, కాపీ చేసుకోవచ్చు, దేన్నీ మార్చలేవు అన్నాడు, అతను ఒక్కో అక్షరం చెప్తుంటే కొట్టింది, భాగం అంకె తప్పు పడి మళ్లీ తిట్టింది తెర, సరిచేసి కొడితే ఈసారి చడీచప్పుడూ లేదు, ఏమీ అనడం లేదయ్యా అంటే, అనలేదంటే తెరుచుకున్నట్టే వదినా.

పాఠాలు అన్న ఫోల్డరు, మొదటిది నొక్కితే, పిల్లలూ, నది ఎక్కడ పుడుతుందో ఇవాళ చెప్పుకుందాం, అయ్యో, ఆ సాగదీత, పిల్లలూ అన్న చోట ఆ చిన్న నవ్వు, కాపీ చేయాలన్న సంగతే మరిచిపోయింది, రెండోది, మూడోది, కొండ మీద వాన పడితే ఏమవుతుంది అని ఆయన అడిగితే, ఏమవుతుందండీ అని పైకే అనేసింది, కళ్లు తుడుచుకుంటూ తలెత్తితే గుమ్మంలో ఆయన, ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో, తెర వంక కాదు, ఆమె ముఖం వంకే చూస్తున్నాడు, మీ కోసమే వెతికానండీ అంది గబగబా, ఆయన పలక తీసి రాశాడు, కోపంగా కూడా కాదు, నువ్వు విను, నేను అవతల కూర్చుంటాను.

అవతల కుర్చీ లాగిన చప్పుడు, ఇక్కడ నది కొండ దిగుతోంది, ఆపడానికి వేలు రాలేదు ఆమెకు, ఇన్నాళ్లూ ఆయన రాస్తుంటే సగంలోనే సరే సరే అని తిరిగిపోయింది తను, పలక నిండేదాకా నిలబడి చదివింది ఎప్పుడని, వద్దన్నాడంటే మొండితనమనుకుంది గానీ ఎందుకు వద్దో అడిగిందా, లేదు, అడగలేదు, ఎందుకంటే ఈ గొంతు కావలసింది ఆయనకు కాదు, తనకు.