చిన్న కుర్చీలలో జరిగిన సమావేశం

సమావేశానికి హాజరైనవారు, కూర్చున్న వరుసలో: ప్రధానోపాధ్యాయురాలు, తల్లిదండ్రుల తరఫున దర్జీ, ఫిర్యాదుదారైన విశ్రాంత మాస్టారు, ఆయన పక్కన ఆటల తరగతి టీచరు, చివర మాస్టారి కోడలు. ఆ గదిలో పెద్దల కుర్చీలు లేవు గనుక అందరూ ఐదేళ్ల పిల్లల కుర్చీలలోనే సర్దుకున్నారు. మాస్టారి మోకాళ్లు గడ్డానికి ఆనుతున్నాయి.

ముప్పయ్యారేళ్లు బడి నడిపిన మనిషి ఆయన. ఫిన్లాండులో ఏడో ఏడు వస్తేగాని అక్షరాల బడి మొదలుపెట్టరని, అంతవరకు ఆటే చదువని ఈ టీచరు చెప్పిననాడే ఆయనకు ఒళ్లు మండింది. ఈ తరగతిలో చేరి ఆరు నెలలు గడిచినా మనవరాలికి ఒక్క అక్షరం పట్టుబడలేదని రెండు పుటల ఫిర్యాదు రాశారు. అది నెగ్గితే సోమవారం నుంచి ఈ గదిలోకి బల్లలు, కాపీ పుస్తకాలు వస్తాయి. టీచరు ఉద్యోగం పోతుంది.

"మావాడు బొత్తాలు వాడే పెట్టుకుంటున్నాడండీ," అన్నాడు దర్జీ. "దర్జీ కొడుకై ఉండి ఇన్నాళ్లూ ఆ ముచ్చటే లేదు."

"బొత్తాలకు మార్కులు వెయ్యరు," అన్నారు మాస్టారు. "నా మనవరాలు ఏం నేర్చిందో టీచరుగారు చూపించాలి."

"మావయ్యగారూ, కాస్త నెమ్మదిగా," అని గొణిగింది కోడలు.

పిల్లలు వెళ్లాక ఒక్కొక్కరిలో తాను గమనించినది నోటుబుక్కులో రాసుకోవడం టీచరు అలవాటు. ఆ పుస్తకం తెరిచి చదివింది.

"మొదటి నెల. పదకొండు ఇళ్లు గీసింది. ఏ ఇల్లు ఎవరిదో చెప్పింది. మూడో నెల. పెన్సిలు ముట్టడం లేదు. గీత గీయకముందే 'తప్పా?' అని అడుగుతోంది."

"మూడో నెల్లో ఏమైంది మరి?" దర్జీ అడిగాడు.

"అది నేను చెప్పలేనండీ."

పక్కనే ఉన్న మాస్టారికి ఆ కింది పంక్తులు స్పష్టంగా కనిపించాయి. 'పొద్దున్నే తాతగారు ఒక పుట రాయిస్తారట. తప్పొస్తే చింపేస్తారట. ఎవరికీ చెప్పొద్దంది. చెప్పనని మాటిచ్చాను.'

టీచరు పుస్తకం మూసి, దానిమీద చెయ్యి వేసుకుంది.

"కారణం చెప్పకపోతే లోపం తరగతిదేనని అనుకోవాలి కదమ్మా," అన్నది ప్రధానోపాధ్యాయురాలు. "ఇక ఓటుకు చేతులెత్తించమంటారా?"

మాస్టారు లేచారు. కుర్చీ కూడా ఆయనతోపాటే లేచింది. కోడలు వచ్చి దాన్ని వెనక్కి లాగింది.

"కారణం నాకు తెలుసు," అన్నారాయన. "మూడో నెల్లో ఇంట్లో కాపీ రాయించడం మొదలుపెట్టాను. తప్పొస్తే పుట చింపాను. పిల్ల పెన్సిలుకు భయపడింది ఈ గదిలో కాదు, మా ఇంట్లో. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను."

దర్జీ గొంతు సవరించుకున్నాడు.

"అయితే మాస్టారికి ఎన్ని మార్కులండీ?"

"సున్నా," అన్నారు మాస్టారు. "తరగతి ఇలాగే నడవనివ్వండి. సమావేశపు మినిట్స్‌లో ఒక మాట చేర్చండి. నేనే చెబుతాను."

ఆయన నిలబడే చెప్పగా ప్రధానోపాధ్యాయురాలు రాసుకున్నది ఇది: 'ఐదేళ్ల బాలికకు ఇచ్చిన మాటను, తన ఉద్యోగానికే ముప్పు వచ్చిన సమయంలో సైతం, ఆటల తరగతి టీచరుగారు నిలుపుకున్నారు. ఇందుకు ఈ సమావేశం ఆమెకు గౌరవపూర్వకంగా కృతజ్ఞత తెలియజేస్తున్నది. ప్రతిపాదించినవారు: ఫిర్యాదుదారు.'