నలభై ఒకటో ఇల్లు

మా పద్మశాలి సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఇంటికొకరు వచ్చి కూర్చోవాలి, అధ్యక్షుడు చదివింది వినాలి, కాగితం మీద వేలు అద్ది లేచిపోవాలి. దానికి ఏకగ్రీవ తీర్మానమని పేరు. ఊరి మొగదల అధ్యక్షుడు నరహరి బావ ఇల్లు ఒకటో నంబరు, వీధి చివర మాది నలభై ఒకటి. మా వంతు వచ్చేసరికి ఏ తీర్మానమైనా అప్పటికే అయిపోయి ఉంటుంది. నా భర్త నరేశ్ బొంబాయి పక్కన భివండీలో మరమగ్గాల మీద పనిచేస్తాడు కాబట్టి మా ఇంటి తరఫున వెళ్లేది నేనే. ఇన్నేళ్లూ చదవకుండానే వేలు అద్దాను, ఒప్పుకుంటున్నాను.

దీపావళి వెళ్లిన బుధవారం పొద్దున మళ్లీ కూర్చోబెట్టారు. సర్కారుకు ఇంకా ఏడాది గడువుంది. అయినా ఈ నెలాఖరుకే అసెంబ్లీ రద్దుచేసి ముందస్తు ఎన్నికలకు పోదామా అని అధికార పార్టీవాళ్లు ఊరూరా అడుగుతున్నారట. అడగడమంటే ఏముంది, జవాబు కూడా వాళ్లే రాసి పంపారు. "ముందస్తుకు పోవాలని మా గ్రామ పద్మశాలీలు ముక్తకంఠంతో కోరుతున్నారు." సాయంత్రం సిద్దిపేటలో ఎమ్మెల్యే చేతిలో దాన్ని పెట్టి ఫోటో దిగాలని నరహరి బావ అప్పుడే ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

నలభై ఇళ్లవాళ్లూ వరసగా వేలు అద్దారు. నలభయ్యో ఇల్లు మా పక్కింటి కొండవ్వ అత్తది. ఆమె నీలం సిరా కొంగుకు తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా పక్కకు జరిగింది.

నేను సిరా డబ్బా ముట్టలేదు.

"ఏంది వనజా, పెట్టు. యాళ్లయితుంది," అన్నాడు బావ.

"ఎలచ్చన్లు ముందుగాల వస్తే మన వాగు మీది బ్రిడ్జి ఏమైతది బావా?"

"గిప్పుడు బ్రిడ్జి ముచ్చట ఎందుకు?"

ఎందుకంటే నాకు వేరే ముచ్చట లేదు. మా మామ సిద్ధయ్యకు రెండు కిడ్నీలూ పనిచేయవు. వారానికి మూడుసార్లు సిద్దిపేట దవాఖానలో డయాలసిస్ చేయించాలి. మొన్నటి వానల్లో ఊరి ముందటి వాగు రోడ్డెక్కి మూడు రోజులు దిగలేదు. మామ మొహం ఉబ్బిపోయింది. పడుకుంటే ఊపిరాడక మూడు రాత్రులూ గోడకు ఆనుకొని కూర్చున్నాడు. నాలుగో రోజు నడుం లోతు నీళ్లలో ఆయన్ను మంచంతో సహా ఎత్తుకొని దాటించాం. ఆ తర్వాతే బ్రిడ్జి మంజూరైంది. వచ్చే నెలలో పునాదికి ముగ్గు పోస్తామని ఇంజనీరు చెప్పాడు. పని మొదలుకాకముందే ఎన్నికల కోడ్ వస్తే మాత్రం ఓట్లు, లెక్కింపు అన్నీ అయ్యేదాకా గడ్డపార కూడా ముట్టలేమని చెప్పిందీ ఆయనే. ఆ తర్వాత మొదలుపెట్టినా వానల్లోపు పూర్తికాదు. అంటే బ్రిడ్జి లేకుండానే ఇంకో వానాకాలం. మామ దాన్ని తట్టుకోలేడు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

ఇదంతా అక్కడే గట్టిగా చెప్పాను. మంచం మోసినవాళ్లలో ఇద్దరు తలలు దించుకున్నారు.

"మళ్ల గెలువనియ్యి. ఒకటి గాదు, రెండు బ్రిడ్జిలు ఏపిస్త," అన్నాడు బావ.

"రెండొద్దు. ఒక్కటే గావాలె, వానలకు ముందు గావాలె."

ఆయన మొహం ఎర్రబడింది. పక్కనున్న సంఘం కార్యదర్శి రమేశ్ వైపు తిరిగాడు. "నలభై ఒకటి ఇంటికి తాళం ఉన్నదని రాయి. నరేశ్ ఎట్లాగు భివండీలనే ఉన్నడు."

ఇదీ మా సంఘం పద్ధతే. ఎదురు మాట్లాడిన ఇంటికి కాగితం మీద తాళం వేస్తారు, ఏకగ్రీవం మాత్రం చెక్కుచెదరదు. ఇన్నాళ్లూ వేరేవాళ్ల ఇళ్లకు వేస్తుంటే నేనూ నోరు మూసుకొని చూశాను. ఇప్పుడు నా ఇంటికి వేస్తుంటే ఒళ్లు మండిపోయింది.

"తాళమేస్తే లోపటున్న మా మామ ఏడికి పోవాలె?" అంటూ రమేశ్ చేతిలోంచి కాగితం, కలం లాక్కున్నాను. నలభై ఒకటి ఎదురుగా పెద్ద అక్షరాలతో రాశాను. "ముందస్తు వద్దు. ముందు బ్రిడ్జి కావాలి. వనజ."

"కాయితం ఖరాబు చేసినవ్ గదా!" అని కాగితం గుంజుకొని అరిచాడు బావ. "రమేశ్, ఇంకోటి రాయి. అందరు మళ్ల ఏళ్లు అద్దుర్రి."

రమేశ్ కొత్త కాగితం రాశాడు. మొదటి వేలు బావే అద్దాడు. రెండో ఇంటివాళ్లు లేచేలోపే కొండవ్వత్త సిరా డబ్బా మూత పెట్టి ఒళ్లో పెట్టుకుంది.

"ఒక్కపారి సిగ్గులేక ఏసిన. ఇంకోపారి ఎయ్య," అంది. "సిద్ధయ్య మంచం నీ ఇంటి ముందటికెల్లే పోయింది నరహరీ. నువ్వు తలుపు సందుల నుంచి సూసుకుంట నిలవడ్డవు. నేను మంచం ఎనుకనే ఉన్న, నాకు యాదికున్నది."

ఆ డబ్బా కోసం ఎవరూ చెయ్యి చాపలేదు. మంచం మోసిన ఇద్దరూ లేచి ఆమె పక్కన నిలబడ్డారు. నాకు ఏడుపొచ్చింది, కానీ బావ ముందు ఏడవదలచుకోలేదు.

సర్కారు రద్దవుతుందో లేదో నాకు తెలియదు. మా ఊరి నలభై ఒక్క ఇళ్ల మాట విని ఎవరూ గద్దె దిగరు. ఆ సంగతి బావకూ తెలుసు. అయినా మా పేరు మీద అబద్ధం మాత్రం పోనివ్వను.

చెప్పులు వేసుకొని వాకిట్లోంచి అన్నాను. "బావా, నీ చేతిల రెండు కాయితాలు ఉన్నయి. ఒకటి నలభై ఒక్క ఇండ్లది, ఒకటి నీ ఒక్క ఇంటిది. ఏది తీస్కపోతవో తీస్కపో. పది గంటల బస్సుకు మా మామను ఎక్కియ్యాలె, నేను పోతున్న."