లాండ్రీ వైపు దున్న

పొద్దున్నే లేచి రుచిత ముందు లాండ్రీ రూంలోకి వెళ్తుంది. పేడ ఎత్తి, నేల కడిగి, ఈగల్ని తోలి, ఆ తర్వాతే కాఫీ. పరాయి దేశంలో, క్రాన్‌బర్న్‌లోని ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మర్నాటి నుంచీ, అంటే ఏడాదిన్నరగా, ఇదే వరస.

మూడేళ్ల కిందట మామగారు డాక్టర్ కేశవరావు దక్షిణాఫ్రికా వెళ్లి, లింపోపో దగ్గర అడవిదున్నని కాల్చి, తలకాయ తెచ్చి హాలు గోడకి బిగించారు. వారం తిరక్కుండా గోడకి అటువైపు, లాండ్రీలో, వాషింగ్ మెషిన్ పక్కన పిరుదులూ తోకా వచ్చాయి. ప్లాస్టర్ పనివాడు చూసి, "తల బిగిస్తే మిగతాది ఎక్కడికి పోతుంది మేట్?" అని టీ తాగి వెళ్లిపోయాడు.

ఆదివారాలు అంకుల్స్ తల కింద నిలబడి ఫోటోలు దిగేవారు. మామగారు మొపానీ చెట్ల వెనక సూర్యోదయం గురించీ, కాళ్లు చాపి నీళ్లు తాగే జిరాఫీల గురించీ చెప్పేవారు. రుచితకి ఆ దేశం పేడలోనే తెలుసు. అక్కడ వానలు పడితే ఇక్కడ పల్చగా, గోడంతా చిందేది. ఎండలు ముదిరితే గట్టిగా, ఎర్రదుమ్ముతో, అరగని పుల్లలతో పడేది.

గుంటూరులో నాలుగేళ్లు నర్సుగా చేసింది. బెడ్‌పాన్లు తీసి, చేతులు కడుక్కుని అన్నం తినేది, ఏనాడూ రోత పుట్టలేదు. ఇక్కడ పుట్టేది. పేడకి కాదు. చంపినదాని మొహం చూపించుకుంటూ, దానికో వెనకభాగం ఉన్నట్టే ఎరగనట్టు చికెన్ సిక్స్‌టీఫైవ్ నమిలే ఆ నోళ్లని చూస్తే.

ఇక్కడ నర్సుగా చెయ్యాలంటే పరీక్ష రాయాలి. రెండుసార్లు తేదీ వచ్చింది, రెండుసార్లూ చుట్టాలొచ్చారు. మూడోది శనివారం రెండింటికి. ఇదీ పోతే దరఖాస్తు చెల్లదు.

"సాటర్డే యోగానంద్ వాళ్లు లంచ్‌కొస్తున్నారమ్మా," అన్నారు మామగారు.

"ఆ రోజు నాకు పరీక్షుంది మామయ్యగారూ."

"ఎగ్జామ్‌దేముంది, మళ్లీ పెడతారు. ఇల్లు కంపు కొడితే నా పరువేం కావాలి?"

భర్త కార్తికేయ ఫోన్లోంచి తలెత్తలేదు. "ఫైవ్ మినిట్స్ పనే కదా రుచీ."

"అయితే నువ్వు చెయ్యి."

"ఛీ, నాకు వామిట్ వస్తుంది."

శనివారం పన్నెండున్నరకి హాల్లో భోజనాలు మొదలయ్యాయి. రుచిత పల్చటి గ్లవ్స్ తొడుక్కుని లాండ్రీ తలుపు తీసింది. తోక లేదు. తల ఉంది. నడినెత్తిన కలిసిన కొమ్ములు, చెమ్మ ముక్కు. చెవి మీద ఎర్రముక్కు పిట్టొకటి పిడుదులు ఏరుకుంటోంది. హాల్లో ఉన్నన్నాళ్లూ అవి గాజుకళ్లు. ఇప్పుడు తడిగా ఉన్నాయి, ఆమెనే చూస్తున్నాయి.

గోడకి అటువైపు కుర్చీ పడిన చప్పుడు.

"ఏంటి డాక్టరుగారూ ఇదీ! నా ప్లేట్లో!" యోగానంద్ అంకుల్ గొంతు.

లింపోపోలో వానలు మొదలైనట్టున్నాయి.

"రుచితా! తొందరగా రామ్మా!" మామగారు.

ఆ పిలుపుకి వంటింట్లోంచి వచ్చింది మాత్రం అత్తగారు జ్ఞానప్రసూన. రుచిత రాకముందు ఏడాదిన్నర పేడ ఎత్తింది ఆవిడే. దాని గురించి ఒక్కమాట మాట్లాడి ఎరగదు. కోడలి చేతులు పట్టుకుని గ్లవ్స్ తనే లాగేసింది.

"కారు తీసుకుని పో. టైమవుతోంది."

"మరి అక్కడ, అత్తయ్యా..."

"ఆయన కొట్టిన దున్నేగా."

ఆవిడ హాల్లోకి నడిచి, అందరి ముందూ గ్లవ్స్ భర్త చేతిలో పెట్టింది.

"ఇవి నాకెలా పడతాయి ప్రసూనా?"

"సాగుతాయి. ఎవరి చేతికైనా పడతాయి," అంది.

బయట కారు స్టార్టయింది.